జర్మనీ నుంచి కావలికి తిరిగి వచ్చే ముందు, తక్కువ ఖర్చుతో ఆఖరి ప్రయాణాలు

ముందుగా మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పి, తరువాత సమాధానంలోకి వెళ్తాను. మీది కావలి, వయసు 25. మాగ్దెబుర్గ్‌లో మాస్టర్స్ పూర్తిచేసి, ఆ ఊళ్ళోనే ఏడాదిన్నరగా ఉద్యోగం చేస్తున్నారు. మే నెలలో అక్కగారి పెళ్ళి ఉన్నందున ఇక పూర్తిగా ఇంటికి వచ్చేయాలని నిర్ణయించుకున్నారు. మార్చి 31తో ఉద్యోగం మాని, వెంటనే గది ఖాళీ చేసి, పెట్టెలు స్నేహితుడి దగ్గర ఉంచి, చేతిలో ఉన్న 1,100 యూరోలతో మూడు వారాల్లో ప్రాగ్, వియన్నా, పారిస్, స్విట్జర్లాండ్, రోమ్, ఆమ్‌స్టర్‌డామ్ చూసి, పారిస్ నుంచే చెన్నై విమానం ఎక్కాలన్నది మీ ఆలోచన. రాజీనామా పత్రం గానీ, ఇంటి యజమానికి నోటీసు గానీ ఇంకా ఇవ్వలేదని కూడా రాశారు. ఈ చివరి మాట చదివాక నాకు ఊరట కలిగింది, ఎందుకంటే మీ ప్రణాళికలో మార్చవలసినవాటిలో ఊళ్ళ జాబితా కంటే ముఖ్యమైనది పనుల వరుస, ఆ వరుసను మార్చుకునే అవకాశం మీకు ఇంకా ఉంది.

చాలా ఏళ్ళు ఆ దేశంలో ఉద్యోగం చేసి నెల్లూరుకు తిరిగి వచ్చినవాడిగా, ఇక్కడి నుంచి వెళ్ళిన పిల్లలు తిరుగు ప్రయాణమప్పుడు అడిగే సందేహాలు తరచు వింటుంటాను. అందరూ టికెట్ల ధరల గురించే అడుగుతారు. నిజానికి ఆఖరి నెలలో డబ్బు పోయేది టికెట్లలో తక్కువ, ఏ బంధాన్ని ఎప్పుడు తెంచుకోవాలో తెలియక పోయేది ఎక్కువ. ఉద్యోగం, ఆరోగ్య బీమా, నివాస అనుమతి కార్డు, ఇంటి చిరునామా, బ్యాంకు ఖాతా అనే అయిదూ ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉంటాయి. ప్రయాణాలు ముగిసేదాకా ఈ అయిదింటినీ సజీవంగా ఉంచుకోవాలి, ఆ తరువాతే ఒక్కొక్కటిగా మూసివేయాలి. కువైట్‌లో పనిచేసి వచ్చిన మన జిల్లావాళ్ళను అడిగినా, వీసా రద్దయ్యాక అక్కడ అడుగు కదపడం ఎంత కష్టమో చెబుతారు. ఐరోపాలో పట్టు అంత బిగువుగా కనిపించదు గానీ, సూత్రం మాత్రం అదే.

మొదటిది ఉద్యోగం. మార్చి 31తో మానేసి ఏప్రిల్‌లో తిరగడం కంటే, ఏప్రిల్ 30ని ఆఖరి తేదీగా రాజీనామా ఇచ్చి, మీకు రావలసిన సెలవును ఏప్రిల్‌లో వాడుకుని తిరగడం అన్ని విధాలా మేలు. ఏడాదికి 28 రోజుల సెలవు ఉన్న ఉద్యోగమైతే, జనవరి నుంచి ఏప్రిల్ దాకా నాలుగు నెలలకు సుమారు 9 పనిదినాలు మీకు వస్తాయి. వాటికి వారాంతాలు, ఈస్టర్ ఏప్రిల్‌లో వస్తే గుడ్ ఫ్రైడే, ఈస్టర్ సోమవారం కలిసి రెండు వారాలకు పైగా ఖాళీ సమయం దొరుకుతుంది. నిరుటి సెలవు మిగిలి ఉంటే అది సాధారణంగా మార్చి 31 దాటితే రద్దవుతుంది కాబట్టి, దాన్ని ఏప్రిల్‌కు జరపడానికి ఒప్పుకుంటారేమో ఇప్పుడే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. ఈ పద్ధతిలో తిరిగే రోజులకు కూడా జీతం వస్తుంది, బీమా నడుస్తుంది, నివాస అనుమతికి ఆధారమైన ఉద్యోగం చేతిలోనే ఉంటుంది. ఒప్పందంలో వేరే గడువు రాసి ఉంటే తప్ప, చట్టం ప్రకారం నోటీసు కాలం నాలుగు వారాలు, అది నెల 15న గానీ నెలాఖరున గానీ ముగియాలి.

ఇక్కడ నివాస అనుమతి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ పథకంలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చెల్లుబాటులో ఉన్న జర్మనీ నివాస అనుమతి, పాస్‌పోర్టు ఉన్నవారు మిగిలిన షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల్లో, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా వీసా లేకుండా ఉండవచ్చు. ఇప్పుడు ఆ దేశాలు మొత్తం 29. అయితే కార్డు మీద ఆగస్టు దాకా తేదీ ఉన్నంతమాత్రాన ఆగస్టు దాకా నిశ్చింతగా ఉండవచ్చని అనుకోకండి. తాత్కాలికం కాని కారణంతో, అంటే ఇక తిరిగి రాకూడదన్న ఉద్దేశంతో జర్మనీ దాటితే, చట్టం దృష్టిలో ఆ అనుమతి ఆ రోజుతోనే ముగిసిపోతుంది. గది ఖాళీ చేసి, నగర కార్యాలయంలో నివాస నమోదు రద్దు చేయించుకుని, బస్సెక్కి ప్రాగ్ వెళ్ళినవాడు శాశ్వతంగా వెళ్ళిపోయినవాడా, విహారానికి వెళ్ళినవాడా అని ఒక పోలీసు అధికారి ప్రశ్నిస్తే, మీ కాగితాలన్నీ మొదటి సమాధానాన్నే చెబుతాయి. పైగా కొందరి అనుమతికి జతచేసిన పచ్చ కాగితంలో, ఫలానా సంస్థలో ఉద్యోగం ముగియగానే అనుమతి కూడా ముగుస్తుందన్న షరతు ఉంటుంది. మీ కాగితాన్ని ఈ రోజే తీసి చదవండి. అంతేకాక, ఉద్యోగం గడువుకు ముందే ముగుస్తున్నదని తెలిసిన రెండు వారాల్లోగా విదేశీయుల కార్యాలయానికి మీరే తెలియజేయాలన్న నియమం ఉంది. ఒక మెయిల్ రాసి, దాని నకలు దాచుకుంటే చాలు.

అందువల్ల ప్రయాణాలన్నీ మాగ్దెబుర్గ్‌లో మొదలై మాగ్దెబుర్గ్‌లోనే ముగియాలి, భారతదేశానికి విమానం జర్మనీ నుంచే ఎక్కాలి. పారిస్ నుంచి టికెట్టు కొంత చవకగా కనబడవచ్చు. కానీ ఒక్కొక్కటి 23 కిలోల పెట్టెలు రెండు మోసుకుని పారిస్ చేరడానికయ్యే ఖర్చు, శ్రమ కలుపుకుంటే ఆ లాభం మిగలదు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి చెన్నైకి లుఫ్తాన్సా నేరుగా నడుస్తుంది. గల్ఫ్ మీదుగా వచ్చే విమానాలు ధరలో మేలుగా ఉండటం సాధారణం. ఏది కొన్నా పెట్టెల బరువు ఎంత అనుమతిస్తారో చూసిన తరువాతే ధరను పోల్చండి. ఇంటికి పూర్తిగా వస్తున్నప్పుడు రెండో పెట్టెకు విడిగా కట్టే డబ్బు టికెట్టులో మిగిలిన డబ్బును మింగేస్తుంది.

ఇల్లు విషయంలో మీ పథకం అనవసరంగా తొందరపడింది. అద్దె ఇంటికి మూడు నెలల నోటీసు ఇవ్వాలి. ఫిబ్రవరి మూడో పనిదినంలోగా మీ సంతకంతో ఉన్న ఉత్తరం యజమానికి అందితే ఒప్పందం ఏప్రిల్ 30తో ముగుస్తుంది, ఒక్క రోజు ఆలస్యమైతే మే నెల అద్దె కూడా మీ మీద పడుతుంది. ఏప్రిల్ అద్దె ఎలాగూ కట్టవలసిందే కాబట్టి ఆ గదిని నెలాఖరు దాకా వాడుకోండి. సామాను అక్కడే ఉంటుంది, రెండు ప్రయాణాల మధ్య బట్టలు ఉతుక్కుని సొంత మంచం మీద పడుకోవచ్చు, వంట గిన్నెలు చివరి వారం దాకా అమ్మకుండా ఉంచుకోవచ్చు. సైకిలు, బల్ల, మంచం వంటివాటిని మాత్రం మార్చిలోనే అమ్మకానికి పెట్టండి. ఆఖరి మూడు రోజుల్లో అమ్మితే ఎవరు ఎంతిస్తే అంతకు ఇచ్చేయవలసి వస్తుంది.

ఇప్పుడు తిరగడం గురించి. ఆరు ఊళ్ళు మూడు వారాల్లో చూడటం అసాధ్యమేమీ కాదు, కానీ 1,100 యూరోలతో చూస్తే ఆ ఊళ్ళ బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు మాత్రమే గుర్తుంటాయి. నా సలహా రోమ్‌నూ ఆమ్‌స్టర్‌డామ్‌నూ వదిలేయమని. రోమ్ దూరం, దానికి రానూపోనూ రెండు రోజులు, లేదా విమానం ఖర్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏప్రిల్ నెలంటే తులిప్ పూల కాలం, హాస్టల్ మంచం కూడా హోటల్ గది ధర పలుకుతుంది. మిగిలిన నాలుగింటినీ తూర్పు వైపు ఒక చుట్టు, పడమర వైపు ఒక చుట్టుగా విడదీసి, మధ్యలో రెండు మూడు రోజులు గదికి వచ్చి పోండి.

రెండు చుట్లకూ పునాది డాయిచ్‌లాండ్ టికెట్టు. 2026 జనవరి నుంచి దాని ధర నెలకు 63 యూరోలు. ప్రాంతీయ రైళ్ళు, సిటీ బస్సులు, ట్రాములన్నిటిలోనూ చెల్లుతుంది, ఐసీఈ, ఐసీ వంటి వేగం రైళ్ళలో చెల్లదు. ఇది చందా పద్ధతిలో సాగుతుంది కాబట్టి, ఏప్రిల్‌తో ఆపాలంటే ఏప్రిల్ 10వ తేదీలోగా రద్దు చేయాలి. ఇంటికి వచ్చాక మే నెల డబ్బు ఖాతాలోంచి పోయిందని బాధపడేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఈ టికెట్టుతో జర్మనీ అంచుల దాకా వెళ్ళి, అక్కడి నుంచి పక్క దేశంలోకి నడిచో, స్థానిక ట్రాము ఎక్కో దాటడమే తక్కువ ఖర్చు ప్రయాణాల్లో అసలు కిటుకు.

తూర్పు చుట్టు ఇలా ఉండవచ్చు. మాగ్దెబుర్గ్ నుంచి లైప్‌జిగ్ మీదుగా డ్రెస్డెన్‌కు ప్రాంతీయ రైళ్ళలో వెళ్ళి, అక్కడి నుంచి ప్రాగ్‌కు బస్సు గానీ రైలు గానీ ఎక్కండి. రైలుకు రెండున్నర గంటలు పడుతుంది, ఎల్బె నది పక్కనే సాగే ఆ దారి పగటిపూట చూడదగినది. ప్రాగ్‌లో మూడు రాత్రులు. అక్కడి నుంచి వియన్నాకు రైల్లో సుమారు నాలుగు గంటలు, రెజియోజెట్ సంస్థ టికెట్లు ముందుగా కొంటే చవక. వియన్నాలో మూడు రాత్రులు ఉండి, ఒక రోజు బ్రాటిస్లావా చూసి రండి. కావలి నుంచి నెల్లూరు ఎంత దూరమో వియన్నా నుంచి స్లొవాకియా రాజధాని ఇంచుమించు అంతే దూరం, రైల్లో గంట ప్రయాణం. తరువాత పోలండ్‌లోని క్రాకోవ్‌లో మూడు రాత్రులు. తిరుగు ప్రయాణంలో వ్రొత్స్వాఫ్ మీదుగా పోలండ్ ప్రాంతీయ రైల్లో సరిహద్దు పట్టణమైన జ్గోజెలెత్స్ చేరి, నైస్సె నది మీది వంతెన నడిచి దాటితే అవతల గొయెర్లిట్స్, మళ్ళీ మీ డాయిచ్‌లాండ్ టికెట్టు రాజ్యం. రెండో ప్రపంచ యుద్ధంలో పెద్దగా దెబ్బతినకుండా మిగిలిన పాత ఊరు అది. రైలు మారే ముందు రెండు మూడు గంటలు అక్కడ గడపడం వృథా కాదు.

ఈ మూడు నగరాల్లోనూ చూడదగినవాటిలో సగం ఉచితమే. ప్రాగ్‌లో చార్లెస్ వంతెనను తెల్లవారగానే, గుంపులు రాకముందు చూడాలి. వియన్నాలో షోన్‌బ్రున్ రాజభవనం లోపలికి టికెట్టు ఖరీదైనా, దాని తోటలకు ప్రవేశ రుసుము లేదు. అక్కడి ప్రభుత్వ ఒపేరాలో కూర్చునే సీట్లు మనకు అందనివి, కానీ నిలబడి చూసే టికెట్లు అతి తక్కువ ధరకు అమ్ముతారు. సంగీతం మీద ఆసక్తి లేకపోయినా ఒక అంకం చూసి రావచ్చు, మధ్యలో బయటికి వస్తే ఎవరూ ఏమీ అనుకోరు. వియన్నాలో నీళ్ళ సీసాలు కొనకండి. 1873 నుంచి ఆ నగరానికి ఆల్ప్స్ కొండల ఊట నీరు గొట్టాల్లో వస్తోంది, కుళాయి నీరే తాగవచ్చు. క్రాకోవ్ నుంచి, నాజీల మరణ శిబిరం ఉండిన ఆష్విట్స్ స్మారక ప్రదేశానికి వెళ్ళేట్లయితే, గైడు లేకుండా ప్రవేశం ఉచితమే గానీ సమయం ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. అధికారిక వెబ్‌సైటులో ఆ సమయాలు త్వరగా అయిపోతాయి, అప్పుడు పర్యటన సంస్థల దగ్గర చాలా రెట్లు ఎక్కువ పెట్టి కొనవలసి వస్తుంది. ఆ ప్రదేశాన్ని చూసిన రోజు సాయంత్రానికి వేరే ఏ కార్యక్రమమూ పెట్టుకోవద్దని నా మాట.

చెక్, పోలండ్ దేశాల్లో యూరో కాదు, వాటి సొంత నాణేలు నడుస్తాయి. కార్డుతో చెల్లించేటప్పుడు యంత్రం యూరోల్లో తీసుకోమంటారా అని అడిగితే వద్దని, స్థానిక నాణెంలోనే తీసుకోమని నొక్కండి, లేకపోతే మార్పిడి ధర వాళ్ళ ఇష్టం. ప్రాగ్ వీధుల్లోని డబ్బు మార్చే కొట్లను నమ్మకండి. ఒకవేళ పొరపాటున మార్చినా, 1,000 యూరోల లోపు మొత్తమైతే మూడు గంటల్లోగా రసీదుతో తిరిగి వెళ్ళి రద్దు చేయించుకునే హక్కును 2019లో అక్కడి చట్టం కల్పించింది.

గదికి వచ్చి రెండు మూడు రోజులు ఆగాక పడమర చుట్టు. మాగ్దెబుర్గ్ నుంచి జర్మనీ పడమటి అంచున ఉన్న ట్రీర్‌కు ప్రాంతీయ రైళ్ళలోనే వెళ్తే పగలంతా రైళ్ళు మారుతూ గడిచిపోతుంది. ఆ ఒక్క ప్రయాణానికి మాత్రం జర్మన్ రైల్వే వారి సూపర్ స్పార్‌ప్రైస్ అనే, ముందుగా కొంటే చవకగా దొరికే టికెట్టు ఇప్పుడే కొనిపెట్టుకోండి. డబ్బు మిగల్చడమంటే ప్రతిచోటా అతి చవకైనదాన్ని పట్టుకోవడం కాదు కదా. ట్రీర్‌లో రోమన్ల కాలపు నల్ల ద్వారం, స్నానశాలల శిథిలాలు ఉన్నాయి. రోమ్ వదులుకున్నందుకు కొంత పరిహారం అనుకోండి. అక్కడి నుంచి లక్సెంబర్గ్ గంటలోపే. ఆ దేశంలో 2020 నుంచి రైళ్ళు, బస్సులు, ట్రాములన్నీ ఉచితం, సరిహద్దు దాకా మీ టికెట్టు చెల్లుతుంది కాబట్టి పైసా ఖర్చు లేకుండా ఇంకో దేశ రాజధాని చూసినట్లవుతుంది. లక్సెంబర్గ్ నుంచి పారిస్‌కు బస్సు ఎక్కండి.

పారిస్ మీ బడ్జెట్‌లో అన్నిటికంటే బరువైన ఊరు, అక్కడ మూడు రాత్రులకు మించి వద్దు. అయితే మీ వయసు, మీ కార్డు కలిసి అక్కడ మీకు ఒక మేలు చేస్తాయి. 2026 జనవరి 14 నుంచి లూవ్ర్ ప్రదర్శనశాలలో ఐరోపా ఆర్థిక ప్రాంతం (యూరోపియన్ యూనియన్ దేశాలు, వాటితో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టెయిన్) వెలుపలి సందర్శకులకు టికెట్టు 32 యూరోలు చేశారు. ఆ ప్రాంతంలో నివసించే 26 ఏళ్ళ లోపు వారికి మాత్రం ప్రవేశం ఉచితం, జాతీయత ఏదైనా సరే. నివాసానికి రుజువు మీ జర్మనీ కార్డే. ఓర్సే ప్రదర్శనశాలలోనూ ఇటువంటి వెసులుబాటు ఉంది. రెండింటికీ ముందుగా సమయం తీసుకుని వెళ్ళండి. కార్డు సజీవంగా ఉండాలని ఇంతగా చెప్పడానికి ఇదీ ఒక కారణం. రేపు కావలి నుంచి పర్యాటకుడిగా వచ్చినప్పుడు షెంగెన్ వీసా రుసుముతో పాటు ఆ 32 యూరోలూ కట్టాలి. ఇవి కాక పారిస్ నగరపాలక సంస్థ నడిపే పెటీ పాలే, కార్నావాలె ప్రదర్శనశాలల్లో శాశ్వత సేకరణలు అందరికీ ఎప్పుడూ ఉచితమే. ఐఫెల్ టవర్ ఎక్కకపోతే పారిస్ చూసినట్లు కాదనే బంధువులు ఎలాగూ ఉంటారు, అది ఎదురుగా ఉన్న ట్రొకాడెరో మెట్ల మీది నుంచే బాగా కనిపిస్తుంది.

పారిస్ నుంచి స్ట్రాస్‌బుర్గ్‌కు బస్సు గానీ, ముందుగా కొన్న చవక రైలు టికెట్టు గానీ చూడండి. స్ట్రాస్‌బుర్గ్ నుంచి రైన్ నది దాటి జర్మనీలోని కేల్‌కు పట్టణ ట్రామే వెళ్తుంది, అక్కడి నుంచి మళ్ళీ డాయిచ్‌లాండ్ టికెట్టు. నల్ల అడవి (బ్లాక్ ఫారెస్ట్) మీదుగా జర్మనీ సరిహద్దు పట్టణం కోన్‌స్టాన్స్ చేరితే, స్విట్జర్లాండ్ పట్టణమైన క్రొయిట్స్‌లింగెన్ నడక దూరంలో ఉంటుంది. రైన్ జలపాతం చూడాలంటే జింగెన్ మీదుగా షాఫ్‌హౌజెన్ దాకా మీ టికెట్టు చెల్లుతుంది, నదికి ఉత్తరపు ఒడ్డు నుంచి జలపాతాన్ని చూడటానికి రుసుము లేదు. మంచు శిఖరాల మీద ఫొటో దిగాలన్న కోరికను ఈ బడ్జెట్ మోయలేదు. స్విట్జర్లాండ్‌లో ఒక్క కొండ రైలు టికెట్టు ధరకు క్రాకోవ్‌లో మూడు రోజులు ఉండవచ్చు. అక్కడికి వెళ్ళినప్పుడు రాత్రి బస జర్మనీ వైపే పెట్టుకోండి, తిండి కూడా జర్మనీలోనే కొని పట్టుకెళ్ళండి. ఫోన్ విషయంలో జాగ్రత్త. ఐరోపా సంఘ (యూరోపియన్ యూనియన్) దేశాల్లో 2017 నుంచి మీ జర్మన్ సిమ్ అదనపు రోమింగ్ రుసుము లేకుండా పనిచేస్తుంది, స్విట్జర్లాండ్ ఆ సంఘంలో లేదు కాబట్టి సరిహద్దు దాటే ముందు డేటా ఆపేయండి. బీమా కార్డు వెనక ఉండే ఐరోపా ఆరోగ్య కార్డు కూడా మన వంటి బయటి దేశాల పౌరులకు స్విట్జర్లాండ్‌లో చెల్లదు. ఆ ఒకటి రెండు రోజులకు చిన్న ప్రయాణ బీమా తీసుకోవడం మంచిది.

సుమారు లెక్క వేస్తే, తూర్పు చుట్టు తొమ్మిది రాత్రులకు మంచాలు, బస్సులు, తిండి కలిపి 500 యూరోల చుట్టుపక్కల, పడమర చుట్టు ఆరు రాత్రులకు 400, టికెట్టుకు 63. మిగిలే నూట ముప్పై చిల్లర అత్యవసరానికి, దాన్ని ఖర్చు పెట్టడానికి కారణం వెతకకండి. ఈస్టర్ నాలుగు రోజుల్లో అన్ని నగరాల్లోనూ మంచాల ధరలు పెరుగుతాయి. ఆ రోజులు గదిలో ఉండి పెట్టెలు సర్దుకుని, సోమవారం దాటాక బయల్దేరండి. ఒకే పాసుతో చాలా దేశాల రైళ్ళెక్కగలిగే ఇంటర్‌రైల్ పాసు ఐరోపాలో నివసించేవారికి మాత్రమే అమ్ముతారని, ఇదే చివరి అవకాశమని మీరు రాశారు. నిజమే, కానీ మనలాగా బయటి నుంచి వచ్చేవారికి యూరెయిల్ పేరుతో అటువంటిదే ఉంది, పైగా పైన చెప్పిన దారిలో విడి టికెట్లే చవక. రాత్రి బస్సుల్లో కూర్చుని నిద్రపోతే ఒక రాత్రి అద్దె మిగులుతుందన్న లెక్క కూడా నాకు నచ్చదు. మరునాడు మధ్యాహ్నం దాకా కళ్ళు మూతలు పడుతుంటే ఆ నగరాన్ని చూసేదేమిటి? చవక విమానాలు అవసరమే లేదు. ధర తక్కువగా కనిపించినా ఉచితంగా తీసుకువెళ్ళే సంచి చాలా చిన్నది, విమానాశ్రయం కూడా ఒక్కోసారి ఊరికి 80 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పారిస్ పేరు పెట్టుకున్న బోవే అలాంటిదే.

తిండి ఖర్చుకు మన అలవాట్లే రక్ష. వంటగది ఉన్న హాస్టళ్ళనే ఎంచుకుని, సంచిలో కాసిని బియ్యం, కందిపొడి, ఒక ఊరగాయ సీసా పెట్టుకోండి. పులిహోర కలుపుకుంటే ఒక రోజంతా గడుస్తుంది. తాలింపు మాత్రం గదిలో ముందే వేయించి డబ్బాలో తీసుకువెళ్ళండి. హాస్టల్ వంటగదిలో ఎండు మిరపకాయలు నూనెలో వేసి పొగ అలారం మోగిస్తే, అగ్నిమాపక దళం వచ్చి వెళ్ళిన ఖర్చు మీ పేరున రాయవచ్చు. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయని మీకు తెలిసిందే.

బస్సుల్లో సరిహద్దు దాటేటప్పుడు అసలు పాస్‌పోర్టు, అసలు కార్డు రెండూ చేతికి అందేట్లు ఉండాలి. జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి తన అన్ని భూ సరిహద్దుల్లోనూ తనిఖీలు మొదలుపెట్టింది. ప్రాగ్ నుంచో స్ట్రాస్‌బుర్గ్ నుంచో తిరిగి వచ్చేటప్పుడు పోలీసులు బస్సెక్కితే, ఫోన్‌లో ఉన్న ఫొటో పనికి రాదు. ఆ రెండింటి నకళ్ళను మాత్రం మెయిల్‌లో ఒకటి, ఇంట్లో నాన్నగారి దగ్గర ఒకటి ఉంచండి.

ఇక ఆఖరి వారం. నివాస నమోదు రద్దును గది వదిలే తేదీకి వారం ముందు నుంచి, వదిలిన రెండు వారాల తరువాత దాకా చేయించుకోవచ్చు. మీరు ఏప్రిల్ 23 తరువాత, రెండు చుట్లూ ముగిశాకే వెళ్ళండి, కొత్త చిరునామాగా కావలి ఇంటి చిరునామా ఇవ్వండి. వాళ్ళిచ్చే ధ్రువపత్రాన్ని స్కాన్ చేసి భద్రపరచండి. బీమా సంస్థకు, ఇంటర్నెట్ సంస్థకు, నెలకు 18.36 యూరోలు వసూలు చేసే రేడియో, టీవీ రుసుము విభాగానికి అందరికీ అదే చూపాలి, అది పంపకపోతే రుసుము బిల్లులు పేరుకుంటూనే ఉంటాయి. గది అప్పగించేటప్పుడు గోడల, మీటర్ల ఫొటోలు తీసి, యజమాని సంతకంతో అప్పగింత పత్రం రాయించుకోండి. అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా ఉండవచ్చు, అది తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. అందుకని బ్యాంకు ఖాతాను వెంటనే మూసివేయకండి, చిరునామా మార్చి ఉంచండి. బ్యాంకు సందేశాలు వచ్చే సిమ్‌ను నెలవారీ ఒప్పందం నుంచి ప్రీపెయిడ్‌కు మార్పించి కావలికి తెచ్చుకోండి. బంధువులకు చాక్లెట్లు విమానాశ్రయంలో కాక మాగ్దెబుర్గ్ సూపర్ మార్కెట్లోనే కొనండి, ధరలో తేడా చాలా ఉంటుంది.

చెన్నైలో దిగాక విమానాశ్రయం నుంచి సెంట్రల్ స్టేషన్‌కు మెట్రో ఉంది, అక్కడి నుంచి కావలికి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఉంది. అయినా ఇంటిల్లిపాదీ కారు వేసుకుని వస్తారని నాకు తెలుసు, అప్పుడు పెట్టెలకు డిక్కీలో చోటు ఉండేట్లు ఎంతమంది వస్తున్నారో ముందే అడగండి.

ఇంటికి వచ్చిన తరువాత రెండు పనులు మిగులుతాయి. ఈ ఏడాది నాలుగు నెలలే పనిచేశారు కాబట్టి మీ జీతంలో కోసుకున్న ఆదాయపు పన్నులో గణనీయమైన భాగం తిరిగి వచ్చే అవకాశం ఉంది. మీరుగా వేసే రిటర్నుకు నాలుగేళ్ళ గడువు ఉన్నా, వచ్చే ఏడాది మొదట్లోనే వేయండి, అప్పటికి జర్మనీ ఖాతా పనిచేస్తూ ఉంటే డబ్బు తేలికగా చేరుతుంది. రెండోది పింఛను చందా. అయిదేళ్ళ కంటే తక్కువ కాలం కట్టి, ఐరోపా సంఘం వదిలి వెళ్ళిన మన దేశస్థులు 24 నెలలు గడిచాక దాన్ని వెనక్కి ఇమ్మని దరఖాస్తు చేసుకోవచ్చు. ఇందుకు మీ సామాజిక బీమా సంఖ్య ఉన్న కాగితం, సంస్థ ఏటా ఇచ్చిన చందా వివరాల పత్రాలు కావాలి, వాటిని చేతి సంచిలో పెట్టుకురండి. తిరిగి వచ్చేది మీ జీతంలోంచి కోసిన వాటా మాత్రమే, యజమాని కట్టిన వాటా రాదు.